ఎడమచేతి గీత

ఫిబ్రవరి. సరస్సు మీంచి బీజ్ గాలి లేస్తే
మేరాన్‌లో సైకిళ్ళు వాటంతటవే పడుకుంటాయి.
క్యాంటీన్ గల్లాపెట్టె దగ్గర ఉగెత్ రోషా
చిల్లర లెక్కపెడుతూ అడిగింది:
"పదకొండు నెలలుగా అదే సూపు, అదే మొహం.
ఇంతకీ ఏం కొలుస్తున్నావమ్మా?"

బొంగరం అందామనుకుని నాలుక కరుచుకున్నాను.
బొంగరానికి కర్ర ఉంటుంది, మేకు ఉంటుంది, తాడు ఉంటుంది.
ఇక్కడ తిరిగేదేమీ లేదు.
తిరుగుడు మాత్రం ఉంది.

రెండు ప్రోటాన్లు ఢీకొంటాయి, అన్నాను.
ఎప్పుడో ఒకసారి ఓ జంట పుడుతుంది:
టాప్ క్వార్కు, దాని వ్యతిరేకి.
ఒక్కొక్కటీ దాదాపు ఓ బంగారు పరమాణువంత బరువు.
రెప్పపాటును కోటి ముక్కలు చెయ్యి,
అందులో ఒక ముక్కను మళ్ళీ కోటి, ఇంకోసారి కోటి,
చివర మిగిలిన పొడిని వెయ్యిగా చీల్చు.
ఆయుష్షు అంతే.

మిగతా క్వార్కులు పుట్టీ పుట్టగానే
ఏదో ఒక గుంపులో దూరి గొంగళి కప్పుకుంటాయి.
ఇవి ఒంటిమీద నూలుపోగు లేకుండా వచ్చి
అలాగే పోతాయి.
వేషం కట్టే తీరిక లేదు కనుక
పోతూపోతూ అబద్ధమాడవు.

"పోయాక మరి కొలిచేది ఎవర్ని?"

పిల్లల్ని. అటు ఒక ఎలక్ట్రాన్, ఇటు ఒక మ్యూయాన్.
న్యూట్రినోలు రెండూ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాయి,
వాటి వాటాని పద్దులో లోటుగా రాసుకుంటాం.
ఆ తర్వాత ఒక్కో తల్లి ఒళ్ళో కూర్చుని,
ఆమె కదలడమే లేదనుకుని,
బిడ్డ ఏ దిక్కుకు పరిగెత్తిందో చూడాలి.
ఆ రెండు దిక్కుల మధ్య కోణం, అంతే మా పని.
ఒక్క జంటను అడిగితే ఏమీ చెప్పదు.
లక్షల్ని అడగాలి.

ఉగెత్ నాణేలు వదిలేసింది.
వెనక వరుసలో ఎవరో దగ్గారు.

"మా మామగారు యులీస్,
లె సాంటియేలో గడియారాలు బాగుచేసేవాడు.
చచ్చిన గడియారం వస్తే ముందు ముళ్ళ వంక చూసేవాడు కాదు.
వెనకమూత మేకుల తలలు చూసేవాడు, భూతద్దం పెట్టి.
పనిముట్టు జారిన గీత ఎటు వంగిందో చూసి
'దీన్ని చివరగా విప్పినవాడిది ఎడమచేతివాటం' అనేవాడు.
ఒక్క గీతను నమ్మేవాడు కాదు సుమా.
ఆరు మేకులూ చూసేవాడు."

ఆ చేతిని ఎప్పుడైనా చూశాడా?

"ఎందుకు చూడాలి?" అంది. "తొమ్మిది ఫ్రాంకులు."

గురువారం గంతలు విప్పే రోజు.
జవాబు చూస్తే చెయ్యి దానివైపే లాగుతుందని
ఏడాదిగా మాకు మేమే కట్టుకున్న గంతలు.
కుతాయిసి నుంచి వచ్చిన తోర్నికె
గోడమీద ముందే ఒక గీత గీసి ఉంచాడు:
మైనస్ ఒకటిలో మూడో వంతు.
దానికి పైన ఆగితే అవి ఇద్దరు పొరుగువాళ్ళు,
పుట్టినప్పటి ఒప్పందం గుర్తుంచుకుని తలలూపేవాళ్ళు.
కిందికి దిగితే
'రెండు' అనే మాటే చెల్లదు.

బొటనవేలితో మీట నొక్కాడు.

దిగింది.
దాని పొరపాటు తోక మాత్రం
గీతను తాకీ తాకనట్టు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
"రెండు అనుకరణలు ఇంకా రెండు మాటలు చెప్తున్నాయి,"
అని తోర్నికె పెన్సిలు వెతుక్కున్నాడు.
హీటరు టకటకలాడింది.
నేను కాసేపు ఆ అంకెకేసి కాక
అది పడ్డ చోటుకేసి చూశాను.

మర్నాడు సూపు లేదు, బంగాళదుంపలు.
ఉగెత్ ఏమీ అడగలేదు.
రసీదు చించి పళ్ళెం అంచున పెట్టింది,
రోజూ పెట్టినట్టే, నా కుడివైపు.

అప్పుడు చూశాను,
పదకొండు నెలల తర్వాత,
ఏ చేత్తో పెడుతుందో.